ఉదయమున కుంటు బిడ్డ: పిల్లల కీళ్ళవాతములో స్నాయువుల శోథను గుర్తించు విధము

పదియేండ్ల బాలుడొకడు ఉదయము పడకనుండి లేచి నేలపై పాదము మోపగానే ముఖము చిట్లించును. మడమ నేలకు ఆనకుండ మునివ్రేళ్ళపై నాలుగడుగులు వేసి, గోడ పట్టుకొని దొడ్డిలోనికి పోవును. బడిగంట కొట్టు వేళకు నడక చాలవరకు చక్కబడును. సాయంకాలము తోటివారితో కూడి కబడ్డీ కూతకు సైతము పోవును. ఇది చూచి ఇంటివారు, "వీనికి బడికి పోవుటకు బద్ధకము. ఉదయము కుంటువాడు సాయంకాలమున ఎట్లు పరుగెత్తును?" అని అనుకొందురు. బడిలోని పంతులుగారును అట్లే తలతురు. వీథి చివరనున్న కట్టువైద్యుడు నూనె రాచి పసరుకట్టు కట్టును. ఇట్లు ఆఱు నెలలు గడచును. అప్పటికి బాలుని పిక్క సన్నబడి, మోకాలు వాచి, గొంతుకూర్చొన లేని స్థితి ఏర్పడును.

ఈ బాలుని మేము ఉదాహరణకై కల్పించితిమి. కాని ఇట్టి కథనే చెప్పుకొనుచు పిల్లల కీళ్ళవ్యాధుల చికిత్సాలయములకు వచ్చు తల్లులు అనేకులు గలరు. వారి కథలో ముఖ్యమైన సంగతి ఒకటి గలదు. పనిచేసినకొలది పెరిగి, విశ్రాంతితో తగ్గు నొప్పి తఱచుగా దెబ్బవలననో, అలసటవలననో కలిగినదై యుండును. విశ్రాంతి తరువాత పెరిగి, కదలికతో తగ్గు నొప్పి, బిగువు, శోథవలన కలిగినవై యుండుట ఎక్కువ. అనగా ఏ విషయమును చూచి ఇంటివారు బాలుడు నటించుచున్నాడని అనుకొనిరో, ఆ విషయమే అతనికి వ్యాధి కలదనుటకు మొదటి సాక్ష్యము. ఎరుపు, వేడి, వాపు, నొప్పి, కదలిక తగ్గుట అను లక్షణములన్నిటిని కలిపి వైద్యులు శోథ యందురు. ఆ శోథ కీలులోపల ఉండవచ్చును. కీలు ప్రక్కనున్న స్నాయువునందును ఉండవచ్చును. ఈ రెండవదానిని గుర్తుపట్టుటను గూర్చి తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును, గ్రామ ఆరోగ్య కార్యకర్తలకును తెలియవలసిన సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

పిల్లలకును కీళ్ళవాతము

కీళ్ళవాతము ముసలివారి వ్యాధి యని మన జనులలో గాఢమైన నమ్మకము గలదు. ముసలితనమున వచ్చు కీళ్ళనొప్పి చాలవరకు కీలు అరుగుటవలన కలుగునది. పిల్లలకు వచ్చునది వేఱు. రోగక్రిములనుండి శరీరమును కాపాడవలసిన రక్షణశక్తి దారితప్పి, తన కీళ్ళపైననే తిరుగబడుటచే ఇది కలుగును. 1897లో లండను నగరమున జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అను వైద్యుడు ఇట్టి వ్యాధిగల 22 మంది పిల్లలను గూర్చి వ్రాసి, ఇది పెద్దల కీళ్ళవాతమువంటిది మాత్రమే కాదని చూపెను. నేడు దీనిని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్ అనియు, సంక్షేపముగా జె.ఐ.ఎ. అనియు పిలుతురు. 16 ఏండ్లు నిండకముందు ఆరంభమై, 6 వారములకు తక్కువ కాకుండ నిలిచి, వేఱు కారణమేదియు కనబడని కీళ్ళశోథకు ఇది పేరు.

దీనిని వైద్యులు 7 తెగలుగా విభజించిరి. కొందఱు బిడ్డలకు నాలుగు కీళ్ళకు మించకుండ వాచును. కొందఱికి అయిదు మొదలుకొని అనేకమైన కీళ్ళు వాచును. కొందఱికి కీళ్ళవాపుతో పాటు ప్రతిదినము తీవ్రజ్వరము వచ్చి, ఒంటిపై దద్దురు కనబడును. కొందఱికి సోరియాసిస్ అను చర్మవ్యాధితో కూడి వచ్చును. మఱియొక తెగలో, స్నాయువులు ఎముకకు నాటుకొను చోట్ల శోథ ప్రధానముగా నుండును. ఇది ఆఱేండ్లు దాటిన మగపిల్లలలో ఎక్కువ. హెచ్.ఎల్.ఎ.-బి 27 అను వంశలక్షణము వీరిలో అనేకులకు ఉండును. మన దేశపు పెద్ద ఆసుపత్రులు ప్రకటించిన లెక్కలలో ఈ తెగ తఱచుగా పై వరుసలోనే కనబడుచున్నది. కావున మన వైద్యులకు పిల్లల స్నాయువులను పరీక్షించుట అదనపు పని కాదు, అత్యవసరమైన పని.

ఈ వ్యాధి అంటుకొనునది కాదు. చలిగాలివలన గాని, పెరుగు, చింతపండు తినుటవలన గాని రాదు. తల్లి చేసిన లోపమువలన అసలే రాదు. ఈ మాటను ఇంటిలోని పెద్దలు ముందుగా గ్రహింపవలెను. ఏలయనగా తన తప్పువలననే బిడ్డ కుంటుచున్నాడేమో యని జంకు తల్లి వ్యాధిని దాచుటయు, చికిత్స ఆలస్యమగుటయు జరుగుచుండును.

నరము అనిన మాట

తెలుగున వైద్యవిషయములను వ్రాయువారికి ఇచ్చట ఒక చిక్కు ఎదురగును. మన వాడుకలో నరము అను ఒక్క మాట మూడు వస్తువులకు చెల్లుచున్నది. మెదడునుండి అవయవములకు ఆజ్ఞలను కొనిపోవునది నరము. ముంజేతిపై నీలముగా కనబడు రక్తనాళమును నరమే. మడమ వెనుక త్రాడువలె బిగుసుకొనియుండు గట్టి కట్టును నరమే. ఒక తల్లి వైద్యుని యొద్దకు వచ్చి, "అయ్యా, మా వాడికి కాలినరం పట్టేస్తోందండీ" అని చెప్పినచో, వినువారు మొదటి అర్థమునే గ్రహించి, నరముల బలహీనతకని విటమిను మాత్రలు వ్రాసి పంపుటకు అవకాశము గలదు. తల్లి చెప్పినది నిజమే. కాని ఆమె చెప్పినది మూడవ నరమును గూర్చి.

ఆ మూడవదానిని ఈ వ్యాసమున స్నాయువు అని వ్యవహరించుచున్నాము. చదువరులకు ఈ మాట నోటికి రాకపోయినను బాధలేదు. వైద్యుని ఎదుట నరము నొప్పి యని చెప్పి ఊరకుండక, నొప్పియున్న చోటును బిడ్డచేతనే ఒక్క వ్రేలితో చూపింపవలెను. కాలంతయు అరచేతితో తడిమి చూపు బిడ్డకును, మడమ వెనుక ఒకే చోట వ్రేలు పెట్టి చూపు బిడ్డకును వ్యాధి ఒకటి కాకపోవచ్చును. అట్లే నొప్పి ఎప్పుడు హెచ్చుగా నుండును, ఎంతసేపటికి తగ్గును అను రెండు సంగతులను అడుగకముందే చెప్పవలెను.

శోథ పుట్టు చోట్లు

మోటత్రాడు ఎడ్ల బలమును బావిలోని బొక్కెనకు అందించునట్లు, స్నాయువు కండరము యొక్క బలమును ఎముకకు అందించును. ఒక చివర కండరములో కలిసియుండి, మఱియొక చివర ఎముకపై నాటుకొనియుండును. మణికట్టు, చీలమండ, వ్రేళ్ళు మున్నగు వంపుల యొద్ద ఎముకను ఒరసికొని పోవలసి యుండుటచే, అచ్చటి స్నాయువులకు కత్తికి ఒర యున్నట్లు పలుచని తొడుగు గలదు. ఈ ఒర లోపలి పొరయు, కీలు లోపలి పొరయు ఒకే జాతివి. రెండును జారుటకు అనువైన ద్రవమును ఊరించును. అందుచేత కీలును పట్టిన శోథ ఒరను పట్టుటలో ఆశ్చర్యము లేదు. ఒరలో శోథ కలిగినప్పుడు పొర దళసరియై, లోపల నీరు చేరి, స్నాయువు పొడవునను వాపు కనబడును. దీనిని టెనోసైనొవైటిస్ అందురు. పిల్లలలో ఇది చీలమండ లోపలివైపునను, వెలుపలివైపునను, మణికట్టు పైభాగమునను, వ్రేళ్ళ లోపలివైపునను తఱచుగా కనబడును.

రెండవ చోటు స్నాయువు ఎముకపై నాటుకొను స్థలము. దీనికి ఎంథిసిస్ అని పేరు. ఇచ్చటి శోథను ఎంథిసైటిస్ అందురు. మడమ వెనుకభాగము, అరికాలి మడమ, అరికాలి ముందుభాగమున వ్రేళ్ళ మొదళ్ళు, మోకాలిచిప్ప చుట్టును, దాని దిగువ ఎముకపై నున్న బొడిపె, తుంటి వెలుపలి ఎముక, నడుము ఎముక అంచు, ఇవి ముఖ్యమైన స్థానములు. మడమ వెనుక స్నాయువునకు ఒర లేదు. కావున అచ్చటి వ్యాధి ప్రధానముగా ఎముకను అంటిన చోటను, ఆ ప్రక్కనున్న చిన్న నీటితిత్తిలోను కనబడును. గ్రీకుల పురాణకథలో మడమయందు మాత్రమే చావు గల ఎఖిలీస్ అను వీరుని పేరు ఈ స్నాయువునకు పెట్టిరి. శ్రీకృష్ణుని నిర్యాణమునకు పాదమున తగిలిన బాణము కారణమైన కథను వినియున్న మనకు, పాదమున ప్రాణము ఉండుననుట వింతగా తోచదు.

ఒక్కొక్కప్పుడు ఒక వ్రేలంతయు మొదలునుండి కొనవఱకు ఉబ్బి, కణుపుల గుర్తులు తెలియకుండ నున్నగా కనబడును. వ్రేలి కీళ్ళును, స్నాయువు ఒరయు కలిసి వాచుటవలన ఇట్లగును. సోరియాసిస్‌తో కూడిన కీళ్ళవాతమునకు ఇది మంచి సూచన. చర్మముపై మచ్చలు ఇంకను రాకముందే వ్రేలు ఇట్లు వాచుట గలదు.

ఇంటియందు గమనింపదగినవి

పిల్లలలో అనేకులు నొప్పి యని చెప్పరు. చిన్నబిడ్డలకు చెప్ప తెలియదు. పెద్దబిడ్డలు అలవాటుపడి పోవుదురు. వారు చెప్పని దానిని వారి నడవడి చెప్పును. ఈ క్రింది సంగతులను తల్లిదండ్రులు కనిపెట్టి చూడవలెను.

1. ఉదయము లేచిన వెంటనేగాని, బండిలో చాలసేపు కూర్చొని దిగినప్పుడు గాని, సినిమా చూచి లేచినప్పుడు గాని బిడ్డ కుంటునా? ఆ బిగువు ఎంతసేపు ఉండును? గడియారము చూచి వ్రాసికొనుట మంచిది.

2. మడమ నేలకు ఆనించుటకు జంకి మునివ్రేళ్ళపై నడచునా? పాదము వెలుపలి అంచుపై మాత్రమే బరువు వేయునా? చెప్పులలో ఒకటి రెండవదానికంటె వేఱుగా అరిగినదా?

3. బాసింపట్టు వేసికొని భోజనమునకు కూర్చొనుటకును, గొంతుకూర్చొనుటకును, మెట్లు ఎక్కి దిగుటకును కష్టపడునా? ఇంతకుముందు చేసిన పనిని ఇప్పుడు మానెనా?

4. అన్నము ముద్ద కలుపుటకును, గుండీలు పెట్టుకొనుటకును, కుళాయి త్రిప్పుటకును ఇబ్బంది పడునా? వ్రాత వంకరపోయెనా? పలకనో పెన్సిలునో పట్టిన కొంతసేపటికే చేయి విదిలించునా?

5. రెండు అరచేతులను చేర్చి నమస్కారము పెట్టునప్పుడు మణికట్లు రెండును సమానముగా వంగునా? ఒక అరచేయి రెండవదానిని పూర్తిగా తాకకుండ నుండునా?

6. ఒక చీలమండ రెండవదానికంటె లావుగా నున్నదా? చీలమండ ఎముక వెనుక సాధారణముగా కనబడు పల్లము పూడిపోయెనా?

ఈ పరీక్షలలో వేయి రూపాయల పరికరము అక్కఱలేదు. కుడి యెడమలను పోల్చి చూచు కన్నులు చాలును. కాని రెండువైపులను ఒకేసారి వాచినచో పోలిక మోసపుచ్చును. అట్టి తావున అన్నదమ్ములలో అంతటి వయస్సువాని కాలితో పోల్చి చూడవచ్చును.

వైద్యుడు చేయు పరీక్ష

పిల్లల కీళ్ళను త్వరితముగా పరీక్షించుటకై ఇంగ్లండులో రూపొందింపబడి 2006లో ప్రకటింపబడిన పి-గాల్స్ అను పద్ధతి నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది. దీనిని చేయుటకు రెండు మూడు నిమిషములు చాలును. ముందుగా మూడు ప్రశ్నలు అడుగుదురు: కీళ్ళలోగాని, కండరములలోగాని, వీపునగాని నొప్పియో బిగువో కలదా? ఎవరి సాయమును లేకుండ బట్టలు తొడుగుకొనగలడా? మెట్లు ఎక్కి దిగగలడా? పిమ్మట బిడ్డను నడిపించి, మునివ్రేళ్ళపైనను, మడమలపైనను నడువుమని చెప్పి, చేతులను కాళ్ళను వెన్నును కదలింపించి చూతురు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోని వైద్యుడును దీనిని సులభముగా చేయగలడు.

ఇచ్చట లోపము కనబడినచో స్నాయువులను విడిగా చూడవలెను. ఎంథిసిస్ గల చోట్లను బొటనవ్రేలితో, వ్రేలిగోరు తెల్లబడునంత ఒత్తిడితో నొక్కి చూతురు. కుడి యెడమలను పోల్చుదురు. బిడ్డ స్వభావముచేతనే నొక్కిన ప్రతిచోట ఉలికిపడు వాడా యని తెలిసికొనుటకు, వ్యాధి లేని చోటునుగూడ ఒకదానిని నొక్కి చూచుట మంచి వైద్యుల అలవాటు. నొక్కునప్పుడు బిడ్డ చెప్పు మాటకంటె బిడ్డ ముఖమును చూచుట మేలు.

ఒరలోని శోథకు వేఱు గుర్తులు గలవు. చీలమండ కీలులో నీరు చేరినచో వాపు ముందుభాగమున అడ్డముగా పరచుకొనును. స్నాయువు ఒరలో చేరినచో చీలమండ ఎముక వెనుకనుండి పాదమువైపునకు నిలువుగా, సొరకాయ తీగవలె సాగును. వైద్యుడు తన చేతిని అడ్డుపెట్టి, పాదమును లోపలికి త్రిప్పుమని బిడ్డను అడిగినప్పుడు నొప్పి హెచ్చినచో, లోపలివైపు స్నాయువు శోథతో నున్నదని ఊహింపవచ్చును. మణికట్టు పైనున్న వాపు, వ్రేళ్ళు చాచినప్పుడు తానును కదలి ముడుతపడినచో, అది కీలుది కాదు, స్నాయువుల ఒరది. వ్రేలిని బిడ్డ తానుగా పూర్తిగా ముడువలేకపోయి, వైద్యుడు ముడిచినప్పుడు మాత్రము ముడుచుకొనినచో, అడ్డు కీలులో కాక స్నాయువునందున్నదని తెలియును.

ఇంత జాగ్రత్తగా చూచినను చీలమండ యొద్ద చేయి మోసపోవును. అచ్చట అనేకమైన చిన్న కీళ్ళును, వాని చుట్టును స్నాయువులును దగ్గఱ దగ్గఱగా నున్నవి. చీలమండ కీలు వాచెనని వైద్యులు నిశ్చయించిన పిల్లలను అల్ట్రాసౌండ్‌తో పరీక్షించినప్పుడు, వారిలో అనేకులకు స్నాయువుల ఒరలలో శోథ కనబడినది. కొందఱికి కీలులో నీరే లేదు; వాపంతయు ఒరలలోనిదే. పిల్లల వైద్యమున ఇది గొప్ప మార్పు తెచ్చిన సంగతి.

యంత్రములు చూపునవి

ఎక్స్‌రే ఎముకను చూపును, స్నాయువును చూపదు. వ్యాధి ముదిరి ఎముక అరిగినప్పుడో, ఎదిగినప్పుడో మాత్రము మార్పు కనబడును. కావున ఎక్స్‌రే బాగుగ నున్నదని వ్యాధి లేదనుట పొరపాటు. ఐనను ఎముక విఱుగుటను, క్షయను, ఇతర ఎముకవ్యాధులను తోసిపుచ్చుటకు దాని అవసరము గలదు.

అల్ట్రాసౌండ్ యంత్రము సెకనుకు కోటికి పైగా కంపనములు గల ధ్వనిని లోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనితో చిత్రము గీయును. గర్భిణీ స్త్రీల పరీక్షవలన మన జనులకు దీని పరిచయము గలదు. సూది లేదు, నొప్పి లేదు, కిరణముల భయము లేదు. బిడ్డ తల్లి ఒడిలో కూర్చొని యుండగనే, చర్మముపై జిగురు పూసి చూడవచ్చును. ఆరోగ్యముగల స్నాయువు సన్నని దారములను వరుసగా పేర్చినట్లు తెల్లని గీతలతో కనబడును. శోథ కలిగినప్పుడు అది దళసరియై నలుపెక్కును. ఒరలో నీరు నల్లని వలయమువలె చుట్టుకొనును. డాప్లర్ అను ప్రక్రియచే అచ్చట హెచ్చిన రక్తప్రసారము రంగులో తెలియును.

ఐతే పిల్లల చిత్రమును పెద్దల చిత్రముతో పోల్చి చదువరాదు. పెరుగు బిడ్డ ఎముకల చివరలు ఇంకను మెత్తని మృదులాస్థియే. దానికి రక్తమును అందించు నాళములు ఎంథిసిస్ ప్రక్కనే ఉండుటచే, ఆరోగ్యముగల బిడ్డలోను డాప్లర్ రంగు కనబడవచ్చును. ప్రోబును కొంచెము ఒరగించినంత మాత్రమున మంచి స్నాయువును నల్లగా కనబడును. గట్టిగా అదిమినచో రక్తప్రసారము అణగి, వ్యాధియున్నను లేనట్లు తోచును. అందుచేత పిల్లల కీళ్ళను చూచుటలో అనుభవముగల వారిచేతనే ఈ పరీక్ష చేయింపవలెను. నొక్కి చూచినప్పటి నొప్పియు, చిత్రమున కనబడు మార్పును ప్రతిసారి ఏకీభవింపవు. ఒకదానిని చూచి రెండవదానిని త్రోసివేయక, రెంటిని కలిపి నిర్ణయించుట విజ్ఞుల మార్గము. మఱియు మన దేశమున లింగనిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టము ననుసరించి, అల్ట్రాసౌండ్ యంత్రముగల ప్రతి కేంద్రమును నమోదు చేయింపబడవలెను. అట్లు నమోదైన కేంద్రమునకే బిడ్డను కొనిపోవలెను.

ఎం.ఆర్.ఐ. స్నాయువును, కీలును, ఎముక లోపలి నెమ్మును గూడ చూపును. నడుము క్రింది కీళ్ళలో మొదటి శోథను తెలిసికొనుటకు దానికి సాటి లేదు. కాని బిడ్డ చాలసేపు కదలకుండ గొట్టమువంటి యంత్రములో పండుకొనవలెను. చిన్నబిడ్డలకు నిద్రమందు అవసరము కావచ్చును. కావున దానిని అవసరమెఱిగి వాడుదురు.

రక్తపరీక్షను గూర్చి ఒక మాట. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అను పరీక్షలు శోథను సూచించును గాని, స్నాయువు ఒక్కటే వాచిన బిడ్డలో అవి మామూలుగనే ఉండవచ్చును. రుమటాయిడ్ ఫాక్టర్ ఈ పిల్లలలో చాలమందికి ఉండదు. "రక్తములో వాతము లేదని వచ్చినది" అని నిశ్చింతగా ఇంటికి పోయిన తల్లిదండ్రులు ఈ సంగతిని తెలిసికొనవలెను.

పోలికగల ఇతర బాధలు

కాలునొప్పి గల ప్రతిబిడ్డకును ఈ వ్యాధి ఉన్నదని భయపడరాదు. పెరుగు పిల్లలకు కొందఱికి రాత్రివేళ రెండు పిక్కలును నొచ్చును. తల్లి ఒత్తినచో తగ్గును. తెల్లవాఱునప్పటికి బిడ్డ కుంటక గంతులు వేయును. ఇది అపాయము లేనిది. ఆటలాడు పిల్లలకు మడమ ఎముకయొద్దను, మోకాలి దిగువ బొడిపెయొద్దను పెరుగుదల కాలమున నొప్పి వచ్చును. స్థానము ఎంథిసైటిస్ స్థానమే యైనను, ఇది ఆటతో హెచ్చి విశ్రాంతితో తగ్గును. ఉదయపు బిగువు ఉండదు. గొంతునొప్పి వచ్చిన కొన్ని వారములకు జ్వరముతో, ఒక కీలునుండి మఱియొక కీలునకు మాఱుచు వచ్చు నొప్పి రుమాటిక్ జ్వరము కావచ్చును. అది గుండెకు హాని చేయును. చికున్‌గున్యా తరువాతను కీళ్ళనొప్పులు కొన్ని వారములు, నెలలు నిలుచుట గలదు.

రెండు స్థితులలో మాత్రము ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు. తీవ్రజ్వరముతో ఒకే కీలు ఎఱ్ఱబడి, వేడెక్కి, బిడ్డ దానిని ముట్టనీయకపోయినచో అది చీముపట్టిన కీలు కావచ్చును. బిడ్డ పాలిపోయి, బరువు తగ్గి, రాత్రివేళ ఎముకలు నొచ్చి నిద్రలేచి ఏడ్చుచున్నచో రక్తపు క్యాన్సరు లేదని నిశ్చయపఱచుకొనవలెను. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను.

గుర్తించుటవలని ఫలము

శోథ కీలులోనా, ఒరలోనా యనుట పండితుల వివాదము మాత్రమే కాదు. కీలు వాచినదని తలచి కీలులో స్టెరాయిడు సూదిమందు వేసినచో, వాపు ఒరలో నున్న బిడ్డకు ఉపశమనము కలుగదు. మందు పనిచేయలేదని అందఱును నిరాశపడుదురు. ఒరలోనికే, చిత్రమును చూచుచు వేసిన మందు పనిచేయును. స్నాయువు లోపలికి మాత్రము వేయరాదు. స్నాయువు బలహీనమై తెగిపోవు ప్రమాదము గలదు. ఏమియు చేయక విడిచినచో చీలమండ లోపలి స్నాయువు చెడి పాదము చదునుపడవచ్చును. వ్రేళ్ళు ముడుచుకొని నిలిచిపోవచ్చును. ఒక కాలు రెండవదానికంటె పొడవులో భేదింపవచ్చును.

చికిత్సలో మొదట నాప్రోక్సెన్, ఐబ్యుప్రోఫెన్ వంటి శోథహరములు, వ్యాయామచికిత్స, మడమక్రింద మెత్తని ఆధారము ఉండును. అవి చాలనప్పుడు మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్ మున్నగునవియు, అంతకును లొంగనప్పుడు ఎటానర్‌సెప్ట్, అడాలిముమాబ్ వంటి జీవజన్యమైన మందులును ఇత్తురు. వీనిలో మెథోట్రెక్సేట్ చరిత్రమున తెలుగువారికి సంబంధము గలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో సాగిన పరిశోధనలనుండి ఈ మందు వెలువడినది. క్యాన్సరుకై పుట్టిన ఈ మందు, తక్కువ మోతాదులో పిల్లల కీళ్ళవాతమునకు పనిచేయునని అమెరికా, సోవియట్ వైద్యులు కలిసి చేసిన పరిశోధనవలన 1992లో స్థిరపడినది. దీనిని వారమునకు ఒక్కమాఱు మాత్రమే వాడవలెను. ప్రతిదినము మ్రింగించుట ప్రాణాపాయకరము. ఏ వారము మందో గోడపంచాంగముమీద గుర్తుపెట్టుకొనవలెను. ఈ మందులు వాడుచున్న బిడ్డకు టీకాలు వేయించు ముందు వైద్యుని తప్పక అడుగవలెను.

కండ్లను మఱువరాదు. ఈ పిల్లలలో కొందఱికి కంటిలోపల శోథ కలుగును. చిన్నబిడ్డలలో అది కన్ను ఎఱ్ఱబడకయే, నొప్పి లేకయే సాగి చూపును హరించును. కావున కన్ను బాగుగ నున్నట్లు తోచినను, వైద్యుడు చెప్పిన గడువున స్లిట్ ల్యాంప్ అను యంత్రముతో కంటివైద్యునిచే పరీక్ష చేయింపవలెను.

చేయవలసిన పని

6 వారములకు మించి ఉదయపు కుంటు, బిగువు, వాపు నిలిచిన బిడ్డను కట్టువైద్యునికి విడువక, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు కొనిపోవలెను. 2013 ఫిబ్రవరిలో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్యబృందములు అంగన్‌వాడీ కేంద్రములకు ఏటికి 2 మాఱులును, ప్రభుత్వ పాఠశాలలకు ఏటికి 1 మాఱును వచ్చును. ఉపాధ్యాయులు అట్టి బిడ్డను వారికి చూపవలెను. హైదరాబాదులోని నిమ్స్, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల, చండీగఢ్, లక్నో నగరములలోని పెద్ద వైద్యసంస్థలు మున్నగు చోట్ల కీళ్ళవ్యాధుల నిపుణులు గలరు.

పోవునప్పుడు కుంటు నడకను ఉదయమున చేతిఫోనులో చిత్రించి కొనిపోయినచో ఎంతయో మేలు. ఆసుపత్రికి చేరు వేళకు నడక చక్కబడి, వైద్యుని కంటికి ఏమియు కనబడకపోవుట సామాన్యము. అరనిమిషపు చిత్రము పది మాటలపని చేయును.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇట్టి బిడ్డ మొదటి గంటకు ఆలస్యముగ వచ్చినచో నిలబెట్టరాదు. నేలపై గొంతుకూర్చొనుమని శిక్షింపరాదు. గంటకొకమాఱు లేచి నాలుగడుగులు వేయనీయవలెను. ఆటలనుండి పూర్తిగా తొలగింపక, వైద్యుడు అనుమతించినంత మేర ఆడనీయవలెను.

మనము మొదట చెప్పుకొన్న బాలుని వద్దకు మఱల వత్తము. ఆఱు నెలల కాలము వానిని బద్ధకస్తుడని అనుటకు బదులు, మొదటి నెలలోనే తల్లి వాని మడమను రెండు చేతులతో పట్టి, "నాయనా, ఎక్కడ నొప్పిరా? వేలు పెట్టి చూపించు" అని అడిగియుండినచో, వాని పిక్క సన్నబడకయే యుండెడిది. ఆ ప్రశ్నను అడుగుటకు ఏ వైద్యశాస్త్రమును చదువ నక్కఱలేదు.